బరంపురానికి బదిలీ: చిన్నపిల్లలతో ఏ కాలనీలో దిగితే మంచిది?

మీరు అడిగింది ఇదీ: మీ వారికి బ్యాంకులో ఒడిశాలోని బరంపురం బదిలీ అయింది, వైజాగ్ మధురవాడ నుంచి సామాను కట్టాలి, బాబుకి ఆరేళ్ళు, పాపకి మూడేళ్ళు. హైవే దాటాక కొత్త లేఅవుట్‌లో మూడు బెడ్‌రూముల ఇల్లు తక్కువ అద్దెకి ఫొటోల్లో చూసి ఇష్టపడ్డారు. మీ అత్తగారి వైపు చుట్టాలేమో బడా బజార్ వైపు తీసుకోండి, వీధి నిండా తెలుగువాళ్ళే, భాష ఇబ్బంది ఉండదు అంటున్నారు. పైగా, అద్దెలు కట్టే బదులు ఒక స్థలం కొనేస్తే పోలా అని మీ వారి ఆలోచన.

నేను ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగాను, పెళ్ళయ్యాక కూడా ఇక్కడే ఉన్నాను. చాలా ఏళ్ళుగా నర్సరీ నుంచి రెండో తరగతి దాకా పిల్లలకి చదువు చెప్తున్నాను. ఏ వైపు నుంచి వచ్చే పిల్లలు పొద్దున్న గేటు దగ్గర ఎలా దిగుతారో రోజూ చూస్తాను, నా సలహా ఎక్కువగా అక్కడినుంచే వస్తుంది. సూటిగా చెప్పాలంటే మీరనుకుంటున్న రెండు చోట్లూ ఇప్పటికి వద్దంటాను. ముందు స్కూలు ఖాయం చేసుకోండి, ఆ స్కూలుకి రెండు కిలోమీటర్ల లోపల, మధ్యలో రైలు గేటు గానీ హైవే గానీ అడ్డం పడని చోట అద్దెకి దిగండి. స్థలం మాట కనీసం ఒక ఏడాది ఎత్తకండి.

చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. ఇల్లు చూసుకుంటారు, పాలు పొంగిస్తారు, తర్వాత స్కూలు వెతుకుతారు, దూరమైతే వ్యాను ఉందిగా అంటారు. వ్యాను సంగతి ఎవరూ లెక్క వేయరు. దూరంగా ఉన్న పిల్లాడిని వ్యాను మొదట ఎక్కించుకుంటుంది, తర్వాత ఊరంతా తిరిగి మిగతావాళ్ళని ఎక్కించుకుంటుంది, అంటే మీ ఇంటి నుంచి బడికి పది నిమిషాల దారే అయినా మీ బాబు అందులో ముప్పావు గంట కూర్చుంటాడు. పైగా మాకు ఎండలు ముదిరేసరికి బడి వేళలు పొద్దున్నకి మారిపోతాయి. బడి ఆరున్నరకో ఏడుకో మొదలైతే వ్యాను ఐదున్నరకే మీ ఇంటి ముందు హారన్ కొడుతుంది. ఆ టైముకి ఆరేళ్ళ పిల్లాడు ఏం తింటాడు? ఏమీ తినకుండా వస్తాడు, రెండో పీరియడ్‌కి బెంచీ మీద తల వాల్చేస్తాడు, వాడికి చదువు మీద శ్రద్ధ లేదని మీరు బెంగ పెట్టుకుంటారు. నా క్లాసులో ఇలా జోగే పిల్లల్లో సగానికి సగం దూరం నుంచి వ్యానులో వచ్చేవాళ్ళే. విద్యాహక్కు చట్టం కింద వచ్చిన కేంద్రం నియమాల్లో కూడా ఒకటి నుంచి ఐదో తరగతి దాకా బడి కిలోమీటరు నడక లోపల ఉండాలనే రాశారు. ప్రైవేటు స్కూళ్ళ విషయంలో అంత దగ్గర కుదరకపోవచ్చు గానీ రెండు కిలోమీటర్లు కుదురుతుంది, బరంపురం అంత పెద్ద ఊరేమీ కాదు.

కేంద్రీయ విద్యాలయం మీ ఆలోచనలో ఉంటే దాని లెక్క వేరు. ఒకటో తరగతికి మార్చి 31 నాటికి ఆరేళ్ళు నిండాలి. సీట్లలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలది మొదటి వరుస, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థల వాళ్ళది రెండో వరుస. వరుసలో కూడా గత ఏడేళ్ళలో ఎన్ని బదిలీలయ్యాయన్నది చూస్తారు, కాబట్టి మీ వారి పాత బదిలీ ఆర్డర్లన్నీ ఒక ఫైల్లో పెట్టి వెంట తెచ్చుకోండి, సామాన్లలో అట్టపెట్టె అడుగున వేయకండి. అక్కడ సీటు వస్తుందో రాదో తేలేదాకా ఇంటికి అడ్వాన్స్ ఇవ్వొద్దు. ప్రైవేటు స్కూలైతే ఫీజు అడిగే ముందు రెండో భాష ఏది, మూడో భాష ఏది, ఒడియా అక్షరాలు అసలు రాని పిల్లాడిని ఎలా నెట్టుకొస్తారు అని అడగండి. ‘అదంతా సర్దుకుంటుంది మేడమ్’ అని నవ్వితే సర్దుకోదని అర్థం. ఫలానా టీచరు విడిగా కూర్చోబెట్టి నేర్పుతారు అని చెప్తే అక్కడ చేర్చొచ్చు.

ఇక మీరు చూసిన కొత్త లేఅవుట్. ఇల్లు బాగుంటుంది, గాలి బాగుంటుంది, అద్దె తక్కువ, నేను కాదనను. కానీ పాలకీ, మందులకీ, ట్యూషన్‌కీ, అన్నిటికీ మీరు 16వ నంబరు జాతీయ రహదారి దాటాలి. అది కోల్‌కతా నుంచి చెన్నై పోయే దారి, లారీలు రాత్రీ పగలూ ఆగవు. స్కూటీ మీద ముందు పాప, వెనక బాబు, సాయంత్రం ఆరింటికి డివైడర్ సందులో నిలబడి లారీలు ఎప్పుడు సందిస్తాయా అని చూస్తూ ఉండే తల్లుల్ని నేను చూస్తూనే ఉంటాను, ఆ టెన్షన్ రోజూ పడాల్సిన అవసరం మీకేముంది? రెండో విషయం, అలాంటి లేఅవుట్లలో సగం ప్లాట్లు ఖాళీగానే ఉంటాయి, రేటు పెరిగాక అమ్ముకుందామని కొన్నవాళ్ళవి. వానాకాలంలో అక్కడ తుప్పలు పెరుగుతాయి, నీళ్ళు నిలుస్తాయి, పాములొస్తాయి. వీధిలైట్లు వేశామంటారు, వెలిగేవి ఎన్నో రాత్రి వెళ్ళి చూస్తే తెలుస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఆడుకోవడానికి తోటి పిల్లలుండరు. సాయంత్రం ఐదున్నరకి వెళ్ళి వీధి చివర పావుగంట ఊరికే నిలబడండి. మూడు చక్రాల సైకిళ్ళు, బ్యాట్లు, పిల్లల్ని కేకేసే అమ్మమ్మలు కనిపించారా, సరే. కుక్కలు మాత్రమే కనిపిస్తే మీ పిల్లల సాయంత్రాలన్నీ టీవీ ముందే గడుస్తాయి.

బడా బజార్ వైపు మాట. నా పుట్టిల్లు అటే కాబట్టి ఆ వీధుల్ని చెడ్డగా చెప్పాలంటే నోరు రాదు. తరాల కిందట వచ్చి స్థిరపడిన తెలుగు నేత కుటుంబాలు, పట్టుచీరలు, అప్పడాలు ఎండబెట్టిన మేడలు, ఇంటి ముందు అరుగులు, పిల్లాడు ఇంట్లోంచి బయటికొస్తే పది జతల కళ్ళు చూస్తుంటాయి. కానీ ఇళ్ళు గోడకి గోడ ఆనుకుని పొడుగ్గా రైలుపెట్టెల్లా ఉంటాయి, మధ్య గదుల్లో వెలుతురుండదు, గడప దాటితే మురికి కాలువ, కాలువ దాటితే మోటారు సైకిళ్ళు. మూడేళ్ళ పాపని అక్కడ ఒక్క క్షణం వదల్లేరు. కారుంటే ఎక్కడ పెడతారో ముందే చూసుకోండి. ఠాకురాణి యాత్ర, అంటే ఊరి అమ్మవారి జాతర సంగతి మీ చుట్టాలు చెప్పే ఉంటారు. రెండేళ్ళకోసారి చైత్రంలో మొదలై దాదాపు నెల్లాళ్ళు జరుగుతుంది, రాత్రుళ్ళు డప్పులు, పులివేషాలు, వీధుల నిండా జనం. పిల్లలకి అంత సరదా ఇంకోటి లేదు, యాత్ర చూడ్డానికి మీరు తప్పకుండా వెళ్ళాలి కూడా, కానీ ఆ నెల్లాళ్ళు ఆ వీధిలోనే పాపని నిద్రపుచ్చడం వేరే కథ.

ఈ రెండిటికీ మధ్య ఉన్న ఊరు మీకు సరిపోతుంది. గజపతి నగర్, నీలకంఠ నగర్, హిల్‌పట్నా, కోర్టుపేట, ఇంజినీరింగ్ స్కూల్ రోడ్డు, లొచ్చాపడ, అంబపువా వైపు వెతకండి. వీటిలో ఏది మంచిదని అడిగితే కాలనీ పేరు చూసి చెప్పలేం. ఒకే కాలనీలో ఒక సందు మెరక, పక్క సందు పల్లం. అందుకే పేరు పక్కన పెట్టి నీళ్ళ గురించి అడగండి, రెండు రకాల నీళ్ళ గురించీ.

మొదటిది ఎండాకాలం నీళ్ళు. మాకు ఎక్కువగా రుషికుల్య నది నుంచి వస్తాయి, మే నెలలో కుళాయి ఎప్పుడొస్తుందో, ఎంతసేపొస్తుందో సందుని బట్టి మారుతుంది, కొన్ని చోట్లకి ట్యాంకర్లే దిక్కు. జూన్‌లో తొలకరి పడ్డాక ఇల్లు చూడ్డానికొస్తే ఏ ఇంటాయనైనా ‘నీళ్ళకి లోటే లేదు’ అంటాడు. వీలైతే మేలోనే రండి, ఇంటాయన్ని కాకుండా ఎదురింటి ఆవిడని అడగండి: కుళాయి ఏ టైముకి వస్తుంది, సంపు ఎంత, బోరు నీళ్ళు తాగడానికి పనికొస్తాయా, బట్టలు పసుపుపచ్చబడతాయా అని. చంటిపిల్లలున్న ఇంట్లో నీళ్ళు ఎంత కావాలో మీకు నేను చెప్పక్కర్లేదు.

రెండోది అక్టోబరు నీళ్ళు. వైజాగ్ వాళ్ళు కాబట్టి హుద్‌హుద్ తుఫాను మీకు గుర్తుంటుంది. మాకు 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, గోపాల్‌పూర్ ఇక్కడికి పదిహేను పదహారు కిలోమీటర్లు. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటినా గంజాం, గజపతి జిల్లాల్ని బాగా దెబ్బకొట్టింది. ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు ఒకే ఒక్క ప్రశ్న అడగండి, ‘ఫైలిన్ అప్పుడు ఇక్కడ నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయి, కరెంటు ఎన్నాళ్ళకి వచ్చింది?’ పాతకాపులెవరైనా వేలితో గోడ మీద చూపించి చెప్తారు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పేవాళ్ళు ఎవరూ లేని కాలనీ అంటే అది తుఫాను తర్వాత పుట్టిన కాలనీ అన్నమాట, అప్పుడు ఇంకొంచెం జాగ్రత్తగా నేల వాలు ఎటో, చుట్టుపక్కల చెరువుని పూడ్చి ప్లాట్లు వేశారేమో కనుక్కోండి. కరెంటు పోతే మోటారు ఆడదు, మోటారు ఆడకపోతే పైన ట్యాంకు ఒక్కరోజులో ఖాళీ. అందుకే పెరట్లో నుయ్యి ఉన్న పాత ఇల్లు గానీ, సందు చివర చేతిపంపు ఉన్న చోటు గానీ దొరికితే టైల్సు కాస్త పాతవైనా వదలకండి. రేకుల షెడ్డు ఉన్న పై వాటా మాత్రం వద్దు, పెద్ద పెద్ద అద్దాల కిటికీలు సముద్రం వైపు తిరిగి ఉన్నా ఆలోచించండి. మురికి కాలువ సంగతి కూడా అప్పుడే చూసేయండి, మూత ఉందా, పారుతోందా, నిలిచిపోయిందా. దోమలు అక్కడే పుడతాయి.

భాష గురించి మీరు భయపడుతున్నదానికి నేను సరిగ్గా తిరగేసి భయపడతాను. ఒడియా మీ పిల్లలకి వచ్చేస్తుంది. సందులో నలుగురు పిల్లలుంటే ఆరేడు నెలల్లో మీరు అర్థం చేసుకోలేనంత వేగంగా తిట్టుకుంటారు కూడా. మీకైనా పెద్ద కష్టం ఉండదు, 1936లో ఒడిశా ఏర్పడేదాకా ఇది మద్రాసు ప్రెసిడెన్సీలోని ఊరు, బజార్లో సగంమంది రెండు భాషలూ మాట్లాడతారు, కూరగాయల ఆవిడ మీ మొహం చూడగానే తెలుగులోకి మారిపోతుంది. పోయేది తెలుగు చదవడం, రాయడం. ఇంట్లో గలగలా తెలుగు మాట్లాడే పిల్లలు శ్రీకాకుళం వెళ్ళినప్పుడు బస్సు మీద బోర్డు చదవలేక దిక్కులు చూడ్డం నాకు చాలా మామూలు దృశ్యం. మీది బదిలీల ఉద్యోగం, నాలుగైదేళ్ళకి మళ్ళీ ఆంధ్రా వెళ్తే బాబు అప్పుడు పదేళ్ళవాడై ఒకటో తరగతి వాచకం దగ్గర కూర్చోవాలి. తెలుగు వీధిలో ఉన్నా ఇది తప్పదు, ఎందుకంటే వీధి మాట నేర్పుతుంది గానీ అక్షరం నేర్పదు. అది మీరే ఇంట్లో రోజూ అరగంట కూర్చోబెట్టాలి, లేదా ఇంటి కింద వాటాలో ఎవరైనా తెలుగు మామ్మగారు ఉంటే ఆవిడని బతిమాలుకోవాలి. మధ్య కాలనీల్లో రిటైరైన తెలుగు టీచర్లు, రైల్వేవాళ్ళు చాలామంది సొంత ఇళ్ళల్లో ఉన్నారు, పై వాటా పిల్లలున్న తెలుగు కుటుంబానికే ఇవ్వాలని ఎదురుచూస్తుంటారు. ఇలాంటి ఇళ్ళు ఇంటర్నెట్‌లో దొరకవు, కిరాణా కొట్టులో అడిగితే దొరుకుతాయి. మీ అమ్మగారూ నాన్నగారూ వచ్చిపోయే వీలు కూడా చూసుకోండి, భువనేశ్వర్–విశాఖ వందే భారత్ 2024 నుంచి ఇక్కడ ఆగుతోంది, స్టేషన్ నుంచి ఆటోకి ఎక్కువ దూరం లేని ఇల్లయితే పెద్దవాళ్ళు తోడు లేకుండా కూడా వచ్చేస్తారు.

ఆసుపత్రి విషయంలో బరంపురం మీకు దిగులు లేని ఊరు. ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ 1962 నుంచి ఉంది, దక్షిణ ఒడిశా అంతా అక్కడికే వస్తుంది. ఇల్లు ఒప్పుకునే ముందు ఒకసారి రాత్రి తొమ్మిదింటికి ఆ ఇంటి నుంచి మెడికల్ కాలేజీ దాకా బండి మీద వెళ్ళి చూడండి, దారిలో రైలు గేటు పడుతుందా అన్నదే అసలు ప్రశ్న. పిల్లల టీకాల కార్డు చేతిసంచీలో పెట్టుకోండి, మీ బాబుకి ఐదారేళ్ళకి వేయాల్సిన డీపీటీ బూస్టర్ పడిందో లేదో ఇప్పుడే చూడండి, స్కూల్లో అడిగినా అడుగుతారు.

అద్దె కాగితం మామూలుగా పదకొండు నెలలకి రాస్తారు. ఖాళీ చేయాలంటే ఎన్ని నెలల ముందు చెప్పాలో, అడ్వాన్సులో ఏమేం కోస్తారో అందులో రాయించుకోండి. కరెంటు ఇప్పుడు టాటా పవర్ వాళ్ళ టీపీఎస్ఓడీఎల్ అనే కంపెనీ చేతిలో ఉంది, పాత అద్దెదారు బాకీ ఏమైనా ఉందేమో ఆ మీటరు కన్స్యూమర్ నంబరుతో చూసుకుని సంతకం పెట్టండి. ఫొటోలు చూసి డబ్బు పంపడం మాత్రం ఎవరు చెప్పినా చేయకండి. పక్కింట్లో వెల్డింగ్ షాపు ఉందని ఫొటో చెప్పదు.

స్థలం గురించి మీ వారికి ప్రత్యేకంగా రాస్తున్నాను. ఏడాది ఆగమనడానికి కారణం, ఒక ఎండాకాలం, ఒక అక్టోబరు చూడందే ఇక్కడ ఏ నేల ఏమిటో ఎవరికీ తెలియదు. ఆ తర్వాత కూడా కొనాలనిపిస్తే, ఒడిశా భూమి రికార్డులు భూలేఖ్ వెబ్‌సైట్‌లో ఉంటాయి, కానీ పట్టా ఒడియాలో ఉంటుంది, కాబట్టి అమ్మేవాడి మనిషి కాని వేరే ఎవరిచేతైనా చదివించుకోండి. అందులో ‘కిసమ్’, అంటే నేల రకం అనే గడి చూడాలి. ‘ఘరబారి’ అని ఉంటే ఇల్లు కట్టుకునే నేల. ‘శారద’ అని ఉంటే అది వరి పొలం, ఒడిశా భూసంస్కరణల చట్టం 8ఏ సెక్షన్ కింద తహసీల్దారు దగ్గర మార్పించాలి. ‘రిజిస్ట్రేషన్ అయ్యాక మార్పిద్దాం’ అన్న మాట వినగానే లేచి వచ్చేయండి. అమ్మేది ఎస్సీ, ఎస్టీ కుటుంబమైతే అదే చట్టం 22వ సెక్షన్ ప్రకారం ముందుగా అనుమతి లేకుండా ఆ వర్గం కానివాళ్ళకి అమ్మకం చెల్లదు. భూలేఖ్ చూశాం కదా అని ఊరుకోకండి, సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ, అంటే ఆ స్థలం మీద పాత అమ్మకాలు, తాకట్లు ఏమున్నాయో చూపించే కాగితం కూడా తీయించండి.

కొలతల దగ్గర మనవాళ్ళు చాలామంది బోల్తా పడతారు. ఇక్కడి డెసిమల్ అంటే మన సెంటే, 435.6 చదరపు అడుగులు, అందులో తేడా లేదు. కానీ ఇక్కడి గుంఠ అంటే నాలుగు డెసిమల్స్, ఎకరానికి ఇరవై ఐదు. తెలంగాణలో గుంట అంటే ఎకరానికి నలభై, 121 గజాలు. ఇక్కడిది 193 గజాల పైచిలుకు. కాబట్టి హైదరాబాద్‌లో ఉన్న బావగారికి ఫోన్ చేసి గుంట రేటు పోల్చి చూశామంటే ఆ పోలిక తప్పుడు పోలిక. ధర ఎప్పుడూ డెసిమల్ లెక్కన అడగండి, ఇంటికొచ్చి గజాల్లోకి మార్చుకోండి.

ఇదే ప్రశ్న రాయగడ, జయపురం వైపు బదిలీ అయినవాళ్ళకీ ఉంటుంది గనుక ఒక్క ముక్క. స్కూలు, నీళ్ళు, రైలు గేటు లెక్క అక్కడా ఇంతే, కానీ రాయగడ జిల్లా, జయపురం ఉన్న కొరాపుట్ జిల్లా షెడ్యూల్డ్ ఏరియా, అంటే గిరిజనుల భూములకి ప్రత్యేక రక్షణ ఉన్న ప్రాంతం. అక్కడ 1956 నాటి రెండో రెగ్యులేషన్ ప్రకారం గిరిజనుల భూమి గిరిజనేతరులు కొనడానికి వీల్లేదు, స్టాంపు పేపరు మీద ఎవరు ఏం రాసిచ్చినా సరే. అక్కడికి వెళ్ళేవాళ్ళు అద్దెకే ఉండండి.